గఫూర్ గారి ముప్ఫై ఒక్క మరణాలు

ఒక వస్తువు బాగుందో లేదో చెప్పడానికి దాన్ని వాడి చూసి ఉండాలనే నియమం ఈ దేశంలో ఏ చట్టంలోనూ లేదు. ఆ స్వేచ్ఛను గుంటూరు జిల్లాలో అందరికంటే శ్రద్ధగా వినియోగించుకున్న పౌరుడు గఫూర్. కాపురం నల్లపాడులో, ఉద్యోగం గుంటూరులో ‘వారం వెలుగు’ అనే పత్రికలో. ‘కొత్త వస్తువు’ అనే శీర్షిక కింద పదకొండేళ్లలో ఐదువందల పైచిలుకు వస్తువుల మీద తీర్పులు చెప్పాడు. వాటిలో చేత్తో తాకినవి మూడు. (అందులో ఒకటి గొడుగు. దాన్ని తెరవలేదు.) మిగతావన్నీ వస్తువుతో పాటు వచ్చే పుస్తకం చదివి రాసినవే.

రెండువేల ఎనిమిదిలో ఈ స్వేచ్ఛకు గండి పడింది. గఫూర్ ఎంతో మెచ్చుకున్న ఒక మిక్సీ కోసం అద్దంకి నుంచి ఒక పాఠకుడు గుంటూరు వచ్చి, నాలుగు వీధులు తిరిగి, ఆ మిక్సీ ఇంకా తయారే కాలేదని తెలుసుకుని, పత్రికకు ఉత్తరం రాశాడు. సంపాదకుడు అంకమ్మరావు ఉత్తరం రెండుసార్లు చదివాడు. ఏ కష్టానికైనా ఒక ఫారం ఉంటే చాలని నమ్మే మనిషి ఆయన. సాయంత్రానికల్లా ‘అనుభవ ధ్రువపత్రం’ తయారుచేశాడు. అందులో ‘అ’ భాగం ప్రకారం సమీక్షకుడు వస్తువును స్వయంగా వాడాలి. ‘ఆ’ భాగం ప్రకారం, నలుగురితో కలిసి వాడే వస్తువైతే నలుగురితో కలిసే వాడాలి, వాడగా కళ్లారా చూశానని బాధ్యత గల అధికారి ఒకరు సంతకం చేయాలి. ఫారం నిండకపోతే శీర్షిక ఎత్తేసి ఆ జాగా రాశిఫలాలకు ఇస్తారు.

ఈ నియమం కింద గఫూర్ చేతికొచ్చిన మొదటి వస్తువు ఒక తుపాకుల ఆట. అరచేతిలో పట్టే యంత్రం, మధ్యలో తెర, అటూ ఇటూ బొత్తాలు. చెన్నై నుంచి వ్యాపారి ఎవరో సమీక్ష కోసం పంపాడు. కాలేజీ పిల్లల కోసం కొత్తగా ఒక పేజీ పెడుతున్నామని, వచ్చే గురువారానికల్లా అందులో ఇది ఉండాలని అంకమ్మరావు చెప్పాడు. గఫూర్‌కి అప్పటికి నలభై ఏడేళ్లు. కాలేజీ పిల్లల్ని అతను దూరం నుంచి చూసినవాడే.

ఇంటికి తెచ్చి యంత్రం వెలిగించాడు. తెర మీద ఒక చెయ్యి, ఆ చేతిలో తుపాకీ కనిపించాయి. మనిషి లేడు. ఆ చేతి తాలూకు మనిషి వస్తాడేమోనని గఫూర్ పది నిమిషాలు మర్యాదగా ఎదురుచూశాడు. ఆ చెయ్యి ఆడేవాడిదేనని పుస్తకంలో నాలుగో పేజీలో రాసి ఉంది. పుస్తకాలు చదవడం అతనికి కొత్త కాదు. చదివింది చెయ్యాల్సి రావడమే కొత్త.

నడవడానికి ఒక బొత్తం, చూపు తిప్పడానికి ఇంకో నాలుగు. గఫూర్ ముందుకు నడుద్దామంటే తెరలో ఆకాశం కనిపించేది. ఆకాశం నుంచి చూపు దించితే నేరుగా నేల దాకా దిగిపోయేది. శత్రువులు పక్క నుంచి వచ్చి కాల్చిపోయే సమయానికి అతను ఎక్కువగా నేలనే చూస్తూ ఉండేవాడు. ఆ నేల గురించి ఎవరడిగినా సాధికారంగా చెప్పగలడు: సిమెంటుది, అక్కడక్కడ పగుళ్లు, పనితనం మెచ్చుకోదగ్గది. మూడు రోజులకు మొదటి అంకం దాటి ‘అ’ భాగం కింద సంతకం చేశాడు. పదకొండేళ్లలో అతను చేసిన మొదటి నిజమైన సంతకం అదే.

ఇక ‘ఆ’ భాగం. ఆ ఆటలో ఏయే దేశాల వాళ్లో ఇంటర్నెట్ ద్వారా ఒకే మైదానంలో చేరి ఒకరినొకరు కాల్చుకోవచ్చు. దానికి తీగ లేకుండా గాలిలో వచ్చే ఇంటర్నెట్ కావాలి. అలాంటిది వాడుకోవాలంటే వైర్‌లెస్ అనుమతుల ఉపవిభాగం ఒప్పుకోవాలి. (ఆ ఉపవిభాగం ఉన్న సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. తెలిస్తే జనం వస్తారని బోర్డును గది లోపలి గోడకు కొట్టారు.) అక్కడి అధికారి బుల్లయ్య. పదవీ విరమణకు పద్నాలుగు నెలల దూరంలో ఉన్న నెమ్మదస్తుడు. గఫూర్ నింపిన దరఖాస్తును ఆయన వేలు పెట్టి చదువుతూ, ‘ప్రయోజనం’ అన్న గడి దగ్గర ఆగాడు.

“చంపుటకు అని రాశారేంటండీ?”

“ఆటలోనండీ.”

“ఆటలోనే అనుకోండి. ‘చంపుటకు’ అంటే పైవాళ్లు ఒప్పుకోరు. ‘చంపుకొనుటకు’ అని దిద్దండి. రెండు వైపులా అంగీకారం ఉన్నట్టుంటది.”

గఫూర్ దిద్దాడు. తర్వాతి గడిలో అవతలి వ్యక్తుల పేర్లు, తండ్రుల పేర్లు, చిరునామాలు అడిగారు. అతను ‘ముందుగా తెలియదు’ అని రాశాడు. బుల్లయ్య కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు.

“ముక్కూ మొహం తెలియనివాళ్లతో మీకేం గొడవండీ?”

“గొడవేం లేదండీ. ఆఫీసువాళ్లు చేసుకు రమ్మన్నారు.”

బుల్లయ్యకు అర్థమైంది. ఆయనా ముప్ఫై ఏళ్లుగా అదే కారణంతో పనిచేస్తున్నాడు. తనే కలం తీసుకుని ఆ గడిలో ‘శత్రుత్వం: ఉద్యోగరీత్యా’ అని పూరించాడు. శనివారం మధ్యాహ్నం రెండు గంటల సేపు, కార్యాలయం వరండాలో, అధికారి సమక్షంలో, దరఖాస్తుదారుడు మాత్రమే ఆడవచ్చునని అనుమతి వచ్చింది.

శనివారం గఫూర్ వెంట భార్య రహిమున్నీసా కూడా వచ్చింది. మిరప యార్డు దగ్గరి కోల్డ్ స్టోరేజీలో ఆమెది తాలుకాయలు ఏరే పని. ఎర్రటి మిరపకాయల కుప్పలో రంగు పోయి తెల్లబడ్డ కాయల్ని చూపుతో పట్టి, చేత్తో తీసి పారేయాలి. ఆ రోజు బస్తాలు రాలేదని పని లేదన్నారు. ఇంట్లో ఏం తోస్తుందని అన్నం క్యారియర్ పట్టుకుని తోడొచ్చింది.

మొదటి గంటలో గఫూర్ ముప్ఫై ఒక్కసార్లు చచ్చిపోయాడు. బుల్లయ్య ఒక కాగితం మీద ఐదేసి చొప్పున గీతలు గీశాడు. ఆరోసారి గఫూర్‌ని ఎవరూ కాల్చలేదు, మేడ మీద నుంచి తనే నడుచుకుంటూ కింద పడ్డాడు. పద్దెనిమిదోసారి చంపినవాడు మీ యంత్రం ఏమైనా పాడైందా అని ఇంగ్లీషులో అడిగాడు. మంచివాడిలా ఉన్నాడని గఫూర్ జవాబు టైపు చేయబోయాడు. అతను మంచివాడే, టైపు చేస్తుండగానే మళ్లీ కాల్చాడు. తలుపు దగ్గర చేరిన ఇద్దరు గుమాస్తాలు మొదట నవ్వి, ఇరవై దాటాక నవ్వడం మానేశారు. వాళ్లు నవ్వినప్పటికంటే మానేసినప్పుడే గఫూర్‌కి చెమట పట్టింది. ఊరందరికీ వస్తువుల సంగతి చెప్పే మనిషి ఆ వరండాలో ఒక చిన్న యంత్రం పట్టుకుని తల దించుకుని కూర్చున్నాడు.

“ఆ మెట్ల పక్కన ఒకడున్నాడు, చూడండి,” అంది రహిమున్నీసా.

గఫూర్‌కి గోడే కనిపించింది. ఆటలో అందరూ గోడ రంగు బట్టలే వేసుకుని గోడలకు ఆనుకుని ఉంటారు.

“కుప్పలో తాలుకాయ ఉన్నట్టు ఉన్నాడుగా. ఇటివ్వండి.”

ఏమేం చేయకూడదో ఆమె గంటసేపు చూసి ఉంది కాబట్టి నేర్చుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. నాలుగుసార్లు పోయింది. ఐదోసారి నుంచి మెట్ల పక్కవాడు, కిటికీలోవాడు, పీపాల వెనకవాడు వరుసగా పడిపోయారు. ఆమె తొందరపడలేదు, మొహం కూడా మార్చలేదు. చూపు ఎక్కడ ఆగితే అక్కడ వేలు నొక్కింది. పన్నెండు మంది. అనుమతి భర్త పేరున ఉంది కాబట్టి బుల్లయ్య ఆ సేపంతా అధికారికంగా గోడ గడియారం వైపు చూస్తూ, అనధికారికంగా “ఎడం పక్కన, ఎడం పక్కన” అంటూ వచ్చాడు.

గఫూర్ తెర చూడటం మానేసి ఆమె చేతుల్ని చూశాడు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆమె పని చేస్తుండగా చూడటం అదే మొదలు. వేళ్ల చివర్లు మిరప ఘాటుకి పొరలు లేచి ఉన్నాయి.

“మీరు అప్పుడు రాశారే, కాయలు ఏరే మిషను,” అంది ఆమె తెర మీద నుంచి చూపు తిప్పకుండానే. “దానికి ఈ పని చేతకాలేదు. అందుకే మమ్మల్ని మళ్లీ పిలిచారు.”

ఆ సమీక్ష గఫూర్‌కి గుర్తుంది. ఆ యంత్రం ఒక్కటే నలభై మంది ఆడవాళ్ల పెట్టు అని రాశాడు. యంత్రాన్నీ చూడలేదు, ఆ నలభై మందినీ చూడలేదు. ఆ తర్వాత రెండు నెలలు రహిమున్నీసా ఇంట్లోనే ఉంది. పని తగ్గిందని ఆమె చెబితే, కాబోలు అనుకున్నాడు.

“అది నువ్వు చదివావా?”

“కోల్డ్ స్టోరేజీ గేటుకి అంటించారుగా. ఎందుకు రావద్దన్నారని అడిగితే అది చదువుకోమన్నారు.”

ఆమె పదమూడోవాడిని వెతుకుతుండగా గడువు ముగిసింది. బుల్లయ్య లేచి ఇంటర్నెట్ పెట్టె ఆపేసి, ధ్రువపత్రం మీద తన దస్తూరీతో ఇలా రాశాడు: ‘శ్రీ గఫూర్ నా సమక్షంలో ముప్ఫై ఒక్కసార్లు మరణించారు. ప్రవర్తన సంతృప్తికరం.’

ఆదివారమంతా కూర్చుని గఫూర్ సమీక్ష రాశాడు. తన చావుల గురించి, నేల గురించి, రహిమున్నీసా చూపు గురించి, ఏరే మిషను గురించి తప్పు ఒప్పుకుంటూ రాశాడు. రాస్తుంటే పుస్తకం అవసరం పడలేదు. సోమవారం అంకమ్మరావు దాన్ని చదివి బాగుందన్నాడు. ధ్రువపత్రం పక్కన పెట్టుకుని మళ్లీ చదివాడు. అందులో రహిమున్నీసా పేరు లేదు. అధికారి చూడనిది జరగలేదని, జరిగిందని అచ్చువేస్తే బుల్లయ్య పింఛనుకి ఎసరొస్తుందని, మిషను సంగతి వేరే వస్తువు కనుక దానికి వేరే ఫారం కావాలని చెప్పాడు.

గఫూర్ ఆ మధ్యాహ్నమే బుల్లయ్య దగ్గరికి వెళ్లి, భార్య పేరున కొత్త దరఖాస్తు పెడతానన్నాడు. ఒకే ఇంటికి రెండో అనుమతి కాబట్టి మూడు నెలలు పడుతుందన్నారు. గురువారానికి మూడు రోజులే ఉంది. శీర్షిక కావాలా, రాశిఫలాలు వేసుకోమంటావా అని అంకమ్మరావు అడిగాడు. పాపం, బెదిరించడానికి కాదు, జాగా లెక్క కోసమే అడిగాడు. గఫూర్ అర నిమిషం ఆలోచించాడు. తర్వాత కలం తీసి ‘మా ఆవిడ’ అని ఉన్న చోటల్లా తనే ‘మా సమీక్షకుడు’ అని దిద్దాడు. మిషను పేరా మీద అడ్డంగా గీత కొట్టాడు.

గురువారం పత్రిక వచ్చింది. రహిమున్నీసా పని నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని, పన్నెండు మంది పడిపోయిన దాకా ఓపిగ్గా చదివింది. పత్రిక మడిచి గఫూర్ చేతికిచ్చింది.

“బాగా ఆడారు,” అంది.