గుండెకు ఇన్‌చార్జి

మునిసిపల్ ట్యాంకు దగ్గర వాల్వు తిప్పే చిట్టబ్బాయి గుండె మంగళవారం ఉదయం మూడు దెబ్బలు ఎగ్గొట్టినందుకు గుండెల కార్యాలయం నుంచి మెమో వచ్చింది. ఊళ్లో ఏ గుండె ఎన్నిసార్లు కొట్టుకున్నదీ అక్కడ హాజరు పుస్తకంలో రాస్తారు.

చిట్టబ్బాయి తన భార్య వీరవేణిని వెంటబెట్టుకుని డాక్టరు చీటీతో వెళ్లాడు. అందులో 'అరిథ్మియా' అని ఉంది. సూపరింటెండెంటు శేషాద్రిగారు మంచి మనిషి, కుర్చీ వేసి కూర్చోబెట్టాకే అర్జీ తిరగ్గొడతారు.

"ఇది ఎక్కడి మాటయ్యా?"

"గ్రీకు దేశందంటండి. 'అ' అంటే లేదని, 'రిథ్మోస్' అంటే లయనీ డాక్టరుగారు చెప్పారండి. నాకైతే లయ ఉందంటండి, తప్పుతోందంతే."

"పరాయి దేశపు జబ్బుకి సెలవివ్వాలంటే దాని స్థానికత పత్రం కావాలి. పుట్టినచోటి తాసిల్దారు ఇవ్వాలి."

"గ్రీకులో తాసిల్దారెవరండి?"

"అది మా సెక్షన్ కాదు."

పత్రం వచ్చేదాకా గుండెను సస్పెండు చేశారు. చిట్టబ్బాయి ముఖం పాలిపోయింది. గుండె ఆగితే మనిషి పోతాడని శేషాద్రిగారికీ తెలుసు, పాపం, ఆయనకు కూడా కళ్లు చెమర్చాయి. అందుకే రూల్సు పుస్తకమంతా తిరగేసి దారి కనిపెట్టారు. సస్పెన్షన్ ఎత్తేసేదాకా వీరవేణి గుండె తన పనితో పాటు భర్త గుండె పనికి కూడా ఇన్‌చార్జిగా ఉంటుంది.

"పొద్దున్నుంచీ ఆస్పత్రిలో ఊడుస్తాదండి, ఇంటికొచ్చి వండుతాది. ఇదీ దాని మీదేనా? సచ్చిపోతాదండి" అన్నాడు చిట్టబ్బాయి.

"సంతకం ఎక్కడెట్టాలండీ?" అంది వీరవేణి.

బాధ్యతలు స్వీకరించిన తేదీ వేయడానికి శేషాద్రిగారు ఆమె పాత పుస్తకాలు తెప్పించి చూశారు. పెళ్లయిన రోజు నుంచీ ఆమె గుండె ఇద్దరి లెక్కా కొడుతూనే ఉంది. ఇరవై ఎనిమిదేళ్లు. ఆయన కలం కింద పెట్టేశారు.

"ఉత్తర్వు లేకుండా ఇన్నాళ్లూ ఎలా చేశావమ్మా?"

"వద్దని ఎవరూ అన్లేదండి."

అనుమతి లేకుండా అదనపు పని చేసినందుకు ఆమెకు కూడా ఒక మెమో ఇచ్చారు. ఆమె దాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. చిట్టబ్బాయికి ఏడుపు ఆగలేదు. మెట్ల మీద ఆమె ఆయాసపడుతుంటే సంచి తానే అందుకున్నాడు, చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా దింపాడు. వీధిలోకి వచ్చేసరికి అతని ఒంట్లో కాస్త కుదుటపడింది.

"ఇంతకీ కూరేం వండుతావే?" అన్నాడు.