బారెవో చిత్రకళా సంఘం వార్తలు: అతిథులకే గోడలు

బొమ్మల ప్రదర్శనకి వెళ్లి బొమ్మలు చూసేవాడంత అనాగరికుడు ఇంకొకడు ఉండడు!

కోపం తెచ్చుకోకండి, ముందు వినండి. మా బారెవో చిత్రకళా సంఘం ముప్పై ఒక్క ఏళ్లుగా ఊరికి ఈ సత్యాన్నే నేర్పుతోంది. మేమూ బుద్ధిగా నేర్చుకున్నాం. మా ఊళ్లో ఇప్పుడు ఏ ప్రదర్శన ఆరంభమైనా జనం గోడలకి వీపులు ఆనించి, గది మధ్యలో ఉన్న బల్లకేసి మొహాలు పెట్టి నిలబడతారు. బల్ల మీద కరకరలాడే పందికొవ్వు ముక్కలు, గసగసాల రొట్టె, ప్లమ్ సారా ఉంటాయి. కళ వీపుకి తగులుతూనే ఉంది కదా! కళ్లకి కూడా తగలాలా?

సంఘం కార్యవర్గ సభ్యుడిగా ఈ వారం వార్తలు మీకు చేరవేసే భాగ్యం నాకు దక్కింది. మొదటి వార్త శుభవార్త. ముప్పై ఒకటో చిత్రకారుల క్యాంపు దిగ్విజయంగా ముగిసింది.

క్యాంపు అంటే మీకు తెలిసిందే. ఏటా ఆగస్టులో పెద్ద పట్నాల నించి పన్నెండు మంది చిత్రకారులు దిగుతారు. ఆరు రోజులు పడక మనది, మూడు పూటలా తిండి మనది, తాగినంత సారా మనది, కాన్వాసూ మనదే. దానికి బదులుగా వాళ్లు వెళ్లేటప్పుడు తలా రెండు బొమ్మలు ఊరికి కానుకగా వదిలి వెళ్లాలి. వదులుతారు కూడా, మాట తప్పరు. కాకపోతే బాగా కుదిరిన బొమ్మ ఆరో రోజు పొద్దున్నే పట్నం కారెక్కుతుంది. కుదరనిది మనకి మిగులుతుంది. పాపం, దాన్ని మాత్రం ఎవరు పోషిస్తారు?

అలా ఏడువందల పైచిలుకు పోగయ్యాయి. కానుకని మూల పడేస్తే అతిథికి అవమానం. అందుకని ఊరంతా తగిలించాం.

బస్టాండులో బస్సుల టైములు రాసిన బోర్డు మీద 'సముద్రం నంబరు మూడు' వేలాడుతోంది. అంత పెద్ద బొమ్మకి ఇంకెక్కడా మేకు దొరకలేదు. సముద్రం మాకు ఆరువందల కిలోమీటర్ల దూరం, అది వేరే సంగతి. లాభం చూడండి. బస్సు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టి, బస్సు తప్పిపోయిందని ఏడ్చేవాడు ఒక్కడూ లేడు!

ఫైర్ స్టేషన్లో 'అంతరాగ్ని' పెట్టాం. ఎరుపూ పసుపూ కలిసి ఈ గోడ నించి ఆ గోడదాకా భగభగమంటుంది. కొత్తగా చేరినవాడు మొదటి రోజే హడలిపోయి పైపు తిప్పి తడిపేశాడు. చూసినవాళ్లు తడిశాకే బాగుందన్నారు.

పశువుల ఆసుపత్రిలో మూడు కళ్ల నీలి ఆడమనిషి ఉంది. ఈనడానికి వచ్చిన ఆడపంది ఒకటి ఆ బొమ్మని ఓసారి చూసి, ఇంటికి తిరిగి వెళ్లిపోయి ఈనింది. డాక్టరుకి ఎంత శ్రమ తప్పింది! శ్మశానం పక్కన, శవపేటికలు ఉంచే ప్రార్థన గదిలో 'నవ్వు' అని ఇంకోటి ఉంది. అందులో ముప్పై రెండు పసుపు పళ్లు తప్ప మరేమీ లేవు. దాని మీద ఇంతవరకూ ఒక్క ఫిర్యాదూ రాలేదు. ఆ గదిలో ఎక్కువసేపు ఉండేవాళ్లు మాట్లాడరు కదా!

ఇక ఉపన్యాసం. పట్నం నించి కళా విమర్శకుడు రాకపోతే మాకు ఆరంభోత్సవం ఆరంభం కాదు. ఆయన గంటంబావు మాట్లాడతాడు. ఒక్క ముక్క అర్థం కాదు. అర్థం కాకపోతే ఎదురు అడగలేం. ఎదురు అడగకపోతే తగువు లేదు. తగువు లేని ఊరికంటే కళ సాధించేది ఇంకేముంటుంది?

ఇంత ప్రశాంతంగా నడిచే వ్యవహారానికి ఒకే ఒక్క మనిషి పంటికింద రాయిలా తగులుతూ ఉంటుంది. ఆవిడ పేరు పెర్సిదా. ఎనభై ఒక్క ఏళ్లు. మా సంఘంలో సభ్యురాలు. అంతకంటే ఘోరం, ఆవిడకి బొమ్మలు వేయడం వచ్చు.

నది ఒడ్డున పంచదార ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ఆవిడ గోనెలు కుట్టే సెక్షన్లో ముప్పై ఎనిమిదేళ్లు పనిచేసింది. ఫ్యాక్టరీ మూసేశాక మిగిలిపోయిన గోనెగుడ్డ తెచ్చుకుని, చెక్క చట్రాలకి బిగించి, గేట్లకి వేసే ఆయిల్ పెయింటుతో తన షిఫ్టు ఆడవాళ్లని వేయడం మొదలెట్టింది. ఒక్కో గోనె మీద ఒక్కో మనిషి. కాటా దగ్గర నిలబడినావిడ, పంచదార దుంపలు కడిగే తొట్టి దగ్గర పావడా ఎగదోపుకున్నావిడ, బాయిలరు పక్కన కూచుని ఉల్లిపాయ కొరుక్కుతింటున్నావిడ. మొత్తం పదకొండు మంది. నేను చూశాను. చూసి భయపడ్డాను. ఎవరిది ఏ మొహమో పేరు పెట్టి పిలవచ్చు! అలాంటి దాని మీద విమర్శకుడు గంటంబావు ఏం మాట్లాడగలడు, పాపం?

ఆరేళ్ల కిందట ఆవిడ ఆ పదకొండూ తెచ్చి సంఘం గోదాములో పెట్టి ఒక్కటే కోరింది. ఒక వారం గోడ ఇస్తే, బతికున్నవాళ్లని తీసుకొచ్చి వాళ్ల బొమ్మలు వాళ్లకి చూపించాలని. అప్పటికి ఎనిమిది మంది బతికున్నారు.

సంఘం కాదనలేదు. మా సంఘం ఎవరినీ కాదనదు. మొదటి ఏడాది అతిథుల బొమ్మలు దించలేదు. రెండో ఏడాది పాత అతిథుల బొమ్మలకి రజతోత్సవం. మూడో ఏడు గోడలకి చెమ్మ. నాలుగో ఏడు చెమ్మ ఆరాలి. ఇంటివాడి సంగతి ఇంట్లోనే ఉంటుంది, అతిథి సంగతి ముందు చూడాలి కదా!

మా ప్రెసిడెంటు స్వెతోజార్ ఒకప్పుడు బడి హెడ్మాస్టరు. నిరుడు శీతాకాలం ఆయన్ని మెట్ల మీద ఆపి ఆవిడ అడుగుతుంటే నేను పక్కనే ఉన్నాను.

"ఏమయ్యా స్వెతోజార్, నా గోడ ఎప్పుడు?"

"ఎండలు రానీ పిన్నీ. అతిథులవి దించగానే నీవే."

"ఎండలు నాకొస్తాయిలే. మావాళ్లకి వస్తాయా అని."

"నీ బొమ్మలకేం బెంగ లేదు పిన్నీ, గోదాములో భద్రంగా ఉన్నాయి. ఎలక కూడా ముట్టుకోలేదు."

"ఎలకకి బుద్ధుందయ్యా."

ఎండలు వచ్చాయి. ఎనిమిది మంది ముగ్గురయ్యారు. వాయిదా వల్ల కలిగే సౌకర్యం ఎవరూ గుర్తించరు. తక్కువ కుర్చీలు వేస్తే సరిపోతుంది!

ఏప్రిల్లో సర్వసభ్య సమావేశం జరిగింది. అక్కడ మా సంఘం చరిత్రలోకెల్లా తెలివైన తీర్మానం చేశాం. అంతకుముందు ఏం జరిగేదంటే, కొత్త అతిథులకి కాన్వాసులు చాలకపోతే పాత అతిథుల బొమ్మలకి తెల్లరంగు కొట్టి ఇచ్చేవాళ్లం. ఒకాయన రెండోసారి క్యాంపుకొచ్చి తన పాత బొమ్మ ఏదని అడిగాడు. ఆయన అప్పటికే దాని మీద రెండు రోజులుగా కోడిపుంజు వేస్తున్నాడు! పరువు పోయింది. అందుకని తీర్మానించాం. గోడకెక్కిన ప్రతి బొమ్మకీ వెనక సంఘం స్టాంపు పడాలి. స్టాంపు ఉన్నది సంఘం ఆస్తి, ఎవరూ ముట్టుకోకూడదు. స్టాంపు లేనిది వట్టి గుడ్డ, ఎలాగైనా వాడుకోవచ్చు.

పదిహేడు మందిమి చేతులెత్తాం. నా చెయ్యి కూడా బాగా పైకే లేచింది. పెర్సిదా ఎత్తలేదు. ఆ రోజు ఆవిడ సమావేశానికి రాలేదు, తన షిఫ్టులో ఒకావిడని పూడ్చడానికి వెళ్లింది.

ఆగస్టు వచ్చింది. అతిథులు వచ్చారు. కాన్వాసుల లారీ రాలేదు. పన్నెండు మంది కుంచెలు పట్టుకుని, తిని, తాగి, కాన్వాసులేవని కూచున్నారు. స్వెతోజార్ మా కేర్‌టేకర్ జివాన్‌ని పిలిచి, స్టాంపు లేనివన్నీ తెల్లగా కొట్టేయమన్నాడు. జివాన్ పక్కూరి నించి ఈ మే నెలలోనే పనిలో చేరాడు. నిక్కచ్చి మనిషి. గోదాములో ఒక్కోటీ తిప్పి చూశాడు. అతిథుల వాటన్నిటికీ స్టాంపు ఉంది. పదకొండింటికి లేదు. గోడ ఎక్కితే కదా స్టాంపు పడేది! మంచి తెల్లరంగు లేకపోతే, బడికి వేయగా మిగిలిన గోడసున్నం కలిపి మధ్యాహ్నానికల్లా పదకొండూ తెల్లగా కొట్టేశాడు. పన్నెండో అతిథికి పాత తలుపు చెక్క ఒకటి వెతికిచ్చారు.

"ఏమయ్యా జివాన్, కొట్టేముందు వాటి మీద ఏముందో చూడలేదా?" అని తరవాత నేనడిగాను.

"చూడకేమండీ. ఆడవాళ్ల మొహాలు. ఎంత బాగున్నాయో, కాసేపు అలాగే నిలబడిపోయాను. కానీ స్టాంపు లేదండీ."

తప్పు పట్టడానికి ఎక్కడైనా సందుందా?

పోయిన శనివారం ఆరంభోత్సవం జరిగింది. హాలు నిండిపోయింది. వీపులు గోడలకి, మొహాలు బల్లకి. ఈసారి కాన్వాసు గుడ్డ నేత ఎంతో విశిష్టంగా ఉందని అతిథులే మెచ్చుకున్నారు. విమర్శకుడు అయితే కళ్లు మూసుకుని, "ఈ తెలుపు కింద ఏదో ఊపిరి పీలుస్తోంది!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ వృత్తి వాళ్ల నోట నిజం రావడం నాకు తెలిసి అదే మొదలు.

సరిగ్గా అప్పుడు పెర్సిదా వచ్చింది. తన ప్రదర్శన తేదీ ఆ రోజు ప్రకటిస్తామన్నాం కాబట్టి, ఆ మాట చెవులారా వినాలని మిగిలిన ముగ్గుర్నీ వెంటబెట్టుకొచ్చింది. వాళ్లలో పెద్దది అంకా, ఎనభై ఎనిమిదేళ్లు, చేతికర్రతో నడుస్తుంది. బల్ల దగ్గరికి పోకుండా నలుగురూ తిన్నగా గోడల దగ్గరికి పోయారు. పల్లెటూరి మనుషులు, మర్యాద తెలియదు. 'నీలి మౌనం' అనే బొమ్మ ముందు పెర్సిదా ఆగిపోయి, దాని అంచు మీద వేలు పెట్టి రాసింది.

"స్వెతోజార్, ఈ కుట్టు నాది."

"ష్... పిన్నీ, పెద్దాయన మాట్లాడుతున్నారు."

"మాట్లాడనీ, ఆయన నోరు ఆయనిష్టం. ఈ గోనె అంచు కుట్టు నాది. మడత లోపలికి పెట్టి రెండు వరసలు వేసేది షిఫ్టులో నేనొక్కదాన్నే."

అని ఆ బొమ్మని మేకు మీంచి ఎత్తి, వెనక్కి తిప్పి, మళ్లీ తగిలించింది. వెనక మా సంఘం కొత్త స్టాంపు. దాని పక్కనే పెన్సిలుతో పాత రాత: 'అంకా. కాటా దగ్గర. రెండో షిఫ్టు.'

అంకా మొహం దగ్గరగా పెట్టి చదువుకుంది.

"నేనేనటే అది?"

"నువ్వే."

"మరి నేనెక్కడే?"

"కింద ఉన్నావే. నీ మీద నీలం పోశారు."

"నీలం నాకు నప్పదని పెళ్లి కాకముందు నించీ చెప్తున్నా," అంది అంకా.

పెర్సిదా వరసగా పదకొండూ తిప్పేసింది. తరవాత జరిగింది రాయడానికి సిగ్గుగా ఉంది. జనం బల్ల వదిలేశారు! గోడలకి మొహాలు తిప్పి, పేర్లు పైకి చదవడం మొదలెట్టారు. పోస్టు పంచేవాడికి వాళ్లమ్మ పేరు దొరికింది. ఆయన అక్కడే నిలబడి టోపీ తీశాడు. విమర్శకుడు ఒక వాక్యం మధ్యలో ఆగిపోయాడు. ఎవరూ వాక్యం పూర్తి చేయమని అడగలేదు.

స్వెతోజార్ మాత్రం తొణకలేదు. అప్పటికప్పుడు మినిట్సు పుస్తకం తెప్పించి రాయించాడు: 'సభ్యురాలు పెర్సిదా గారి పదకొండు కాన్వాసులు నేడు ప్రదర్శింపబడినవి. సంఘం ఇచ్చిన మాట నెరవేరినది.' ఇప్పుడు వాటికి స్టాంపు కూడా పడింది కాబట్టి, తీర్మానం ప్రకారం ఇక వాటిని ఎవరూ ముట్టుకోకూడదట.

ఆ హడావిడిలో, అంకా మళ్లీ ముందుకి తిప్పించుకున్న 'నీలి మౌనం' మీద ఎవరి గ్లాసో ఒలికింది. జివాన్ తడిగుడ్డతో కింది మూల తుడిచాడు. నీలం పెచ్చుగా లేచింది, దాని కింది సున్నం గుడ్డకి అంటుకొచ్చింది. ఆయిల్ పెయింటు మీద గోడసున్నం నిలుస్తుందా? అరచేయంత మేర ఖాళీ అయింది. అందులో ఒక కాలు, కాలికి చెక్కచెప్పు, చెప్పుకి తెగిన పట్టీ, పట్టీకి కట్టిన ఎర్ర గుడ్డపేలిక.

"నా చెప్పు!" అని అరిచింది అంకా. "ఆ పేలిక నేనే కట్టాను! ఒరేయ్ అబ్బాయ్, ఆపకు. ముందు నన్ను తుడువు. ఈ ఇద్దరూ చిన్నపిల్లలు, ఎనభై కూడా నిండలేదు, వీళ్లు ఆగుతారు."

జివాన్ గుడ్డ పట్టుకుని స్వెతోజార్ మొహం చూశాడు. స్వెతోజార్ తీర్మానం చూపించాడు. జివాన్ గుడ్డ దించేశాడు.

ఇక రాబోయే కార్యక్రమాలు. అంకా గారి కోరికని సంఘం సానుభూతితో స్వీకరించింది. అతిథుల మనసు నొప్పించకుండా పరిశీలించడానికి కమిటీ వేశాం. ముప్పై రెండో క్యాంపు ముగిశాక, అంటే వచ్చే ఏడాది సెప్టెంబరులో, కమిటీ మొదటిసారి కూచుంటుంది. అప్పటికి అంకాకి ఎనభై తొమ్మిది. అప్పటికి ఆవిడ ఉంటుందా అన్న విషయం కమిటీ పరిధిలోకి రాదు.

ఈ గురువారం సాయంత్రం అయిదింటికి హాల్లో కార్యవర్గ సమావేశం ఉంది. సంఘం జాబితాలో లేని కార్యక్రమం ఇంకోటి కూడా ఉంది. జివాన్ ఆ రోజు తలుపు మూడింటికే తీస్తానన్నాడు. తడిగుడ్డలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. ఏప్రిల్లో చెయ్యెత్తిన పదిహేడు మందిమీ అందరికంటే ముందు రావాలి. ఉపన్యాసం ఉండదు. కుర్చీలు మూడే వేస్తున్నాం, మిగతావాళ్లు నిలబడి తుడవాలి. మొదటి బొమ్మ అంకాది.