కుర్చీ మర్యాద

నాచారంలో డబ్బాలు తయారుచేసే ఫ్యాక్టరీ సూపర్‌వైజరు అచ్యుతరావు ఆ సోమవారం పొద్దున తిట్లు మానేయాలని నిశ్చయించుకున్నాడు. కిందటి వారమే కంపెనీ ఆయన్ని శిక్షణకు పంపింది. కాలం మారుతోంది, మిషన్లు వస్తున్నాయి, ముందు పనివాడి మనసు తెలుసుకోండని అక్కడ బోధించారు. మూతలు నొక్కే కొత్త మిషన్ షెడ్డులోకి వచ్చి కూర్చుంది. మధ్యాహ్నం యజమాని వచ్చేసరికి అది నడవకపోతే తన ఉద్యోగానికే ఎసరు.

మిషన్ నడపాల్సిన గండయ్యను గదిలోకి పిలిచి, కుర్చీ వేయించి, చాయ్ తెప్పించాడు.

"ఇంట్లో అంతా కులాసానా గండయ్యా? పిల్లలేం చదువుతున్నారు? మీ ఊళ్లో పొలం ఉందా?"

"గుంటెడు భూమి సుత లేదు సార్. గీ నౌకరే మాకు దిక్కు" అంటూ గండయ్య చాయ్ ముట్టకుండానే కళ్లు తుడుచుకుని వెళ్లిపోయాడు.

మొదటిరోజే మనసు కదిలించానని అచ్యుతరావు మురిసిపోయాడు. తర్వాత పిలిపించిన మరో పనివాడు బాలనర్సింహ కుర్చీని చూసి గడప దగ్గరే ఆగిపోయాడు.

"నేను కూసోను సార్, మీ కాళ్లు మొక్కుత!" అని వచ్చిన దారినే పరుగెత్తాడు.

మధ్యాహ్నానికి షెడ్డులో చప్పుడు లేదు. సద్ది తెచ్చిన గండయ్య భార్య సక్కుబాయి గేటు దగ్గర కూలబడి శోకాలు మొదలుపెట్టింది. ఎందుకో తెలియకపోయినా అచ్యుతరావు ఆమెను ఓదార్చాలని మిఠాయి తెప్పించాడు.

"మిఠాయి గూడ తెచ్చిన్రా! ఇగ పక్కా అయింది!" అని ఆమె గొంతు ఇంకా పెంచింది. మిషన్ పక్కన దిగులుగా కూర్చున్న గండయ్య మెడలో ఎవరో వీడ్కోలుగా బంతిపూల దండ వేశారు.

అచ్యుతరావు బాలనర్సింహను పట్టుకుని నిలదీశాడు.

"మీకంటే ముందున్న సారు ఎవర్నన్న తీసేసే దినమే కుర్సీ ఏసి, చాయ్ తాపి, ఇంటి సంగతులడుగుతుండె" అన్నాడతను.

అచ్యుతరావు గుండె గుభేలుమంది. పరుగున వెళ్లి, "నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు గండయ్యా" అన్నాడు.

"గా సారు గూడ గిట్లనే అన్నడు" అన్నాడు గండయ్య తల వంచుకుని.

గేటులోంచి యజమాని కారు వస్తోంది. దండ మోస్తూ కూర్చున్న ఆ మనిషిని చూసి అచ్యుతరావు తన భయం మరిచిపోయాడు. ఆ చోట తానుంటే ఏ మాట వినాలనుకుంటాడు? ఒక్క క్షణం ఆలోచించి, పాత గొంతు ఎత్తాడు.

"ఏం గండయ్యా, పెళ్లికొడుకులా కూర్చున్నావ్! ఆ మిషన్ మీ తాతొచ్చి తిప్పుతాడా? రేపు ఆలస్యంగా రా, నీ పని పడతా! దసరాదాకా సెలవు మాటెత్తావంటే ఊరుకోను!"

గండయ్య ముఖం వెలిగిపోయింది. "రేపు రమ్మంటుండే! దసరాదాంక పనుందే!" అని భార్యకు కేకవేసి, దండను మిషన్‌కు తగిలించి మీట నొక్కాడు. షెడ్డంతా పనిలో పడింది. పూలదండతో నడుస్తున్న మిషన్‌ను చూసి యజమాని ముచ్చటపడి, శిక్షణ వృథా పోలేదన్నాడు.

మర్నాడు పొద్దున్నే అచ్యుతరావు గది ముందు నలుగురు దిగులుగా నిలబడి ఉన్నారు. నిన్నటి తిట్లు తమదాకా రాలేదట.