మూడు నూనెల గ్లవ్

ఆదివారం పొద్దున చెప్పుల షాపాయన ఒక్కటే పని పెట్టుకున్నాడు. సాయంత్రం నాలుగింటికి కూతురికి సాఫ్ట్‌బాల్ టీమ్ సెలెక్షన్. రెండో బేస్ దగ్గర ఖాళీ ఒక్కటే, ఆశపడేవాళ్లు ఆరుగురు. బంతి పట్టడానికి పిల్లకు వారం కిందట తోలు గ్లవ్ కొన్నాడు. చూస్తే, హాల్లో బల్ల మీద అట్టముక్కలా బిగుసుకుని ఉంది. కొన్న రోజు కోచ్ మేడమే వెంట వచ్చి, "పెద్దది వద్దండి, ఈ పిల్ల బంతిని చటుక్కున తీసి విసరాలి," అని చిన్నది ఎంచింది. ముచ్చటపడి అలాంటిదే తనకూ ఒకటి తీసుకుంది.

"ముట్టుకోవద్దని పిల్ల చెప్పి వెళ్లింది కదా," అంది బట్టలు కుట్టే భార్య.

"ఇరవయ్యేళ్లుగా తోలుతో బతుకుతున్నాను. తోలు సంగతి నాకు చెప్తావా?"

కూతురు పాత గ్లవ్ పట్టుకుని ప్రాక్టీసుకు పోయింది. కొత్తది మెత్తబడాలని అతను దానికి షాపు క్రీము కాస్త పట్టించాడు. అక్కడితో ఆగి ఉంటే గొడవే లేదు. కాలు నిలవక అతను వీధి చివరిదాకా వెళ్లొచ్చేలోపు, భార్య కుట్టుమిషన్ నూనె పోసింది. ఆమె డాబా ఎక్కగానే నానమ్మ వచ్చింది. నడుం నొప్పితో వారంగా ఆమెకు నిద్ర లేదు. అయినా మనవరాలి కోసం తన నొప్పుల నూనె సీసా మొత్తం ఒంపి మర్దన చేసింది. చేసిన ఉపకారం చెప్పుకోకూడదని ముగ్గురూ నోరు విప్పలేదు.

మధ్యాహ్నానికి గ్లవ్ తడిగుడ్డలా వేలాడింది. ఆరబెడదామని భార్య ఇస్త్రీపెట్టె ఆనించింది. బొటనవేలు ముడుచుకుపోయింది. దాన్ని సాగదీయడానికి అతను షాపు నుంచి చెక్కపాదం తెచ్చి దూర్చాడు. ఇల్లంతా నొప్పుల నూనె ఘాటు.

మూడింటికి కూతురు వచ్చింది.

"నీ ఆశ మీద నీళ్లు పోశానమ్మా," అన్నాడు తండ్రి. అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

"నీళ్లు కాదు, నూనె," అంది భార్య.

పిల్ల వెళ్లి నానమ్మ పరుపు ఎత్తింది. కింద ఇంకో గ్లవ్, మధ్యలో బంతి పెట్టి గుడ్డతో కట్టి ఉంది. విప్పితే బంతికి సరిపడా గుంట పడి, మెత్తగా ముడుచుకుంటోంది. "నాది ఇది. వారం నుంచి ఇక్కడే పెడుతున్నా. నానమ్మ బరువుకి బాగా కుదిరింది."

"మరి ఇదెవరిది?"

"మేడమ్‌ది. తాళ్లు బిగించి తెమ్మంది. ఇవాళ టీమ్‌ని ఎంచేది ఆవిడే."

గ్రౌండు కంచె పక్కన తండ్రి కూర్చోలేకపోయాడు, నిలబడలేకపోయాడు. పిల్ల చెప్పేలోపే మేడమ్ ఆ గ్లవ్‌లోకే చెయ్యి దూర్చి మొదటి బేస్ దగ్గర నిలబడింది. రెండో బేస్ దగ్గర పిల్ల నేలబారుగా వచ్చిన ఐదు బంతులూ ఆపి, ఐదూ మేడమ్‌కు గురిచూసి విసిరింది. ఐదూ మేడమ్ చేతిలోంచి జారిపోయాయి.

"పదిహేనేళ్లుగా ఆడుతున్నా. ఇంత విసురు చూడలేదమ్మా. రెండో బేస్ నీదే," అంది మేడమ్.

తండ్రి ఎంత దగ్గినా పిల్ల ఆగలేదు. "విసురు కాదు మేడమ్, నూనె. మా ఇంట్లోవాళ్లు అది నాదనుకుని రాశారు."

మేడమ్ గ్లవ్ వాసన చూసింది. "బంతులు ఆపింది నువ్వేగా. స్థానం నీదే. గ్లవ్ మాత్రం ఇక మీ నాన్నది. నాకు కొత్తది తెమ్మను."

నానమ్మ నడుం నొప్పి మర్నాటికల్లా మాయమైంది. నూనె గ్లవ్‌కు రాసినా గుణం తనకు తగిలిందని ఆమె ఇప్పటికీ అందరికీ ఆ సీసా పేరే చెబుతోంది.