పేరయ్య చేలో పసుపు గంగ

ఆ ఉదయం పేరయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. బోరు బండి వస్తుంది, పూజ చేసి బోరు వేయించాలి, పూత మీదున్న మిరపచేనుకు నీళ్ళు పెట్టాలి. కనిగిరి మెట్టలో ఆయన పాత బోరు ఎండిపోయి వారమైంది. ఇక తడి తగలకపోతే పూతంతా రాలి కష్టమంతా మట్టిపాలే. బండి మళ్ళీ ఎప్పటికి దొరుకుతుందో! వేసేది ఒక్కటే బోరు.

చిక్కల్లా ఎక్కడ వేయాలన్నదే. నేలలోని నీళ్ళను పసిగట్టే మీటరు పెట్టి చూసిన ఇంజినీరు పడమటి మూల చూపించి వెళ్ళాడు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేలన్నీ తిరిగి నీళ్ళ జాడ చెప్పే వెంకయ్యకేమో, రోడ్డు పక్క గట్టు దగ్గర కాయ నిట్టనిలువునా లేచింది. లేచిన కాయను కాదనే ధైర్యం ఎవరికుంది! పేరయ్య భార్య కోటిరత్నం పూజకు అక్కడే గుంత తీయమంది. పేరయ్య గడ్డపారతో నాలుగు పోట్లు పొడిచాడో లేదో, నీళ్ళు మనిషెత్తున ఎగజిమ్మాయి.

"గంగమ్మ తల్లీ!" అంటూ వెంకయ్య సాగిలపడ్డాడు. కాసేపట్లో ఊరు ఊరంతా చేలో ఉంది. బండివాళ్ళు కూడా చెప్పులు విప్పేశారు.

చీరాల కాలేజీలో ఫిజిక్సు చెప్పే కూతురు జ్యోతిర్మయి మాత్రం ముక్కు ఎగబీల్చింది. "నాన్నా, బ్లీచింగ్ వాసనొస్తోంది. నువ్వు పంచాయతీ పైపు పొడిచావు."

"నోరు ముయ్యవే, కళ్ళు పోతాయి!" అంది కోటిరత్నం.

"సరేనమ్మా, ఏం జరుగుతుందో ముందే చెప్పుకుందాం. జరిగాక ఎవరైనా చెప్తారు. నీళ్ళొదిలే సాదిక్‌ను ట్యాంకు వాల్వు కట్టేయమంటాను. ధార ఆగితే పైపు. ఆగకపోతే తప్పు నాది."

కట్టేశానని సాదిక్ ఫోనులో చెప్పాడు. ధార ఆగలేదు సరికదా, ఇంకాస్త ఎగిరింది. జనం ఈలలు వేశారు. జ్యోతిర్మయి ముఖం మాడిపోయింది. అంతలో సాదిక్ మోటారుసైకిల్ మీద వచ్చి, "అక్కా, ఆ వాల్వు తిరగడమైతే తిరుగుతుంది గానీ మూసుకోదు. చెడిపోయి చాన్నాళ్ళైంది," అన్నాడు.

ఇక ఆమె ఆగుతుందా! ఇంట్లో ఉన్న పసుపు డబ్బా సాదిక్ చేతికిచ్చి, అడుగంటిన ట్యాంకులో కుమ్మరించమని పంపింది.

"నా పసుపే!" అని కోటిరత్నం గుండెలు బాదుకుంది.

"పైపు నీళ్ళే అయితే ఇక్కడ పసుపుగా వస్తాయి, చూస్తూ ఉండండి," అని జ్యోతిర్మయి అందరికీ వినబడేలా చెప్పింది.

అబ్బ, ఆ క్షణం చూసి తీరాలి! తెల్లటి ధార మొదట్లో ఒక పసుపు చార కనబడి, మెల్లగా పైకి పాకింది. చూస్తూ చూస్తూ ఉండగానే ఎండలో నీళ్ళన్నీ బంగారమైపోయాయి. జ్యోతిర్మయికే ఒళ్ళు గగుర్పొడిచింది. నోటితో అన్న మాట కళ్ళముందు అలా నిజం కావడం ఆమె పాఠాల్లో చెప్పిందే గానీ, ఇంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు.

"అమ్మవారు పసుపునీళ్ళిచ్చింది!" అని వెంకయ్య కేక పెట్టాడు. జనం తోసుకుంటూ వచ్చి నెత్తిన చల్లుకోసాగారు.

ఊళ్ళోంచి సుబ్బరావమ్మ రొప్పుతూ వచ్చింది. "మా కుళాయిలోనూ పసుపే! మా ఆయన తెల్లపంచె సర్వనాశనం!"

"చూశారా, తల్లి ఇంటింటికీ వచ్చింది!" అన్నాడు వెంకయ్య.

పేరయ్య తల గోక్కున్నాడు. "బాబాయ్, మామూలు నీళ్ళొస్తే ఏమనేవాడివి?"

"గంగమ్మ."

"ఎర్రగా వస్తే?"

"అమ్మవారి కుంకం."

"అసలు రాకపోతే?"

"తల్లికి కోపమొచ్చిందనేవాణ్ణి."

పేరయ్య గడ్డపార కింద పడేశాడు. "ఏదొచ్చినా నీ మాటే ఒప్పయితే దాంతో నేనేం చేసుకోను బాబాయ్? నాకు కావాల్సింది ఒక్క చోటు. బండి పడమటి మూలకు పోనివ్వండయ్యా!"

"అక్కడా నీళ్ళు పడకపోతే?" అంది కోటిరత్నం.

"మీటరు తప్పని ఒప్పుకుంటానమ్మా," అంది జ్యోతిర్మయి.

సాదిక్ పగిలిన పైపుకు సైకిల్ ట్యూబు చుట్టేలోగా పడమటి మూల దుమ్ము లేచింది. చాలాసేపు దుమ్మే. ఆ తర్వాత దుమ్ము బురదైంది, బురద నీళ్ళైంది. అంత రాతి కింద, ఏ కంటికీ ఆనని నీళ్ళను మనిషి పైనుంచే కనిపెట్టాడే అని పేరయ్యకు కళ్ళు చెమర్చాయి. చేతులు జోడించాడు, ఎవరికో ఆయనకే తెలియదు.

జనం వెళ్ళాక వెంకయ్య జ్యోతిర్మయిని పక్కకు పిలిచాడు. "అమ్మాయ్, ఆ ఇంజినీరు నంబరు ఓసారి ఇవ్వు. మా చేలో బోరు వేయించుకోవాలి."

"మరి కొబ్బరికాయో తాతా?"

"అది ఊళ్ళోవాళ్ళకమ్మా."