బస్సుల లేన్‌లో నలుగురు అవ్వలు

ఆ శనివారం ఉదయం బాంగ్ దల్సు వేసుకున్న ఏర్పాటులో వంక పెట్టడానికేమీ లేదు. పెళ్ళాన్నీ కూతుర్నీ వ్యానులో ఎక్కించుకుని డేజియాన్‌లో బయలుదేరడం, అత్తగారిని ఆవిడ అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర కలుపుకోవడం, సాయంత్రం ఇంచియాన్ రేవులో ఓడ ఎక్కడం. ఆ ఓడ జెజు దీవి చూపించి సోమవారం పొద్దున వాళ్ళను దేశానికి అటు చివర, బుసాన్‌లో దింపేస్తుంది. అక్కడినుంచి ఇంటికి నాలుగు రైలు టికెట్లు, ముందుగా కొన్నవాళ్ళకిచ్చే తగ్గింపుతో, ఎప్పుడో కొనిపెట్టాడు.

ఓడ ప్రయాణం అత్తగారు మాక్సూన్ గారి డెబ్భయ్యో పుట్టినరోజు కోసం. నిజం చెప్పాలంటే సగం అత్తగారి కోసం, సగం తన పేరు కోసం. పదహారేళ్ళుగా మాక్సూన్ గారు అల్లుణ్ణి పిసినారి అనే అంటోంది. ఎంగిలిచేత్తో కాకిని తోలడని ఇరుగుపొరుగంతా చెప్పింది. ఆవిడ తప్పేమీ లేదు. పెళ్ళయిన మర్నాడు విందులో మిగిలిన వేపుళ్ళూ పచ్చళ్ళూ డబ్బాలకెత్తుకుని, కొత్త పెళ్ళికూతురితో విహారయాత్రకు బయలుదేరినవాడు దల్సు. మూడురోజులు హోటల్లో కూర్చుని తన కూతురు చల్లారిన చేప తిందని ఆవిడ ఏ పండక్కీ గుర్తుచెయ్యకుండా ఊరుకోలేదు. ఈ ఓడతో ఆ పేరు చెరిగిపోవాలని దల్సు మనసారా కోరుకున్నాడు. పెద్దగా ఖర్చు లేకుండా చెరిగితే మరీ మంచిది.

చిక్కల్లా ఇంచియాన్ చేరడంలోనే వచ్చింది. సొంత కారులో వెళ్తే మనుషులు బుసాన్‌లో దిగుతారు, కారు ఇంచియాన్‌లో ఉండిపోతుంది. రైల్లో వెళ్తే సియోల్‌లో దిగి, పెట్టెలతోనూ మోకాళ్ళ నొప్పుల అత్తగారితోనూ మళ్ళీ టాక్సీ కట్టాలి. అద్దెకారు ఒక ఊళ్ళో తీసుకుని ఇంకో ఊళ్ళో వదిలితే, ఆ వదిలినందుకు వాళ్ళడిగే డబ్బు వినగానే అతనికి చెవులు గింగురుమన్నాయి. ఓడకు పోసిన డబ్బు ముందు ఇదెంత అంది భార్య ఓక్హీ. ఓడకు పోశాం కాబట్టే ఇక లేదన్నాడు దల్సు.

అప్పుడు రొట్టె విరిగి నేతిలో పడింది. పాత బళ్ళ వ్యాపారం చేసే స్నేహితుడు మ్యోంగ్బే దగ్గర పన్నెండు సీట్ల వ్యాను ఒకటి విదేశాలకు ఎగుమతి కావలసి ఉంది. ఎగుమతి బళ్ళను అప్పగించే యార్డు ఇంచియాన్ రేవు పక్కనే. డ్రైవరు కూలి మిగిలిందని మ్యోంగ్బే, అద్దె మిగిలిందని దల్సు, ఎవరికి వారు ఎదుటివాణ్ణి బుట్టలో వేశామనుకుని చేతులు కలిపారు. వ్యాను పసుప్పచ్చగా ఉంది. రెండువైపులా పొద్దుతిరుగుడు పూలు, వాటి మధ్య 'వసంతవనం వృద్ధుల పగటి సంరక్షణ కేంద్రం' అని పెద్దక్షరాలు, కింద ఫోను నంబరు. పొద్దున పెద్దవాళ్ళను ఇళ్ళదగ్గర ఎక్కించుకుని సాయంత్రం దింపే బండి అది. కేంద్రం వాళ్ళు కొత్తది కొనుక్కుని దీన్ని అమ్మేశారు. అక్షరాలు గీకించడానికి మ్యోంగ్బే డబ్బడిగాడు. అక్షరాలుంటే మాత్రం బండి నడవదా అని దల్సు అలాగే తెచ్చుకున్నాడు.

ఇక మిగిలింది ఒక్క దిగులు. శనివారం హైవే మీద కార్లు చీమల బారులా పాకుతాయి. ఎడమ చివరి లేన్ మాత్రం బస్సులది, ఖాళీగా ఉంటుంది. ఇలాంటి వ్యాన్లు కూడా అందులో వెళ్ళవచ్చు గానీ లోపల ఆరుగురికి తగ్గకూడదు. దల్సు వాళ్ళు నలుగురే. ఆ ఇద్దరి కొరత తీర్చుకోవడానికి అతను తన వీధి చివరి చాకలి దుకాణం యజమానిని కూడా, ఊరికే సముద్రం చూద్దువు గాని రమ్మని పిలిచాడు. తిరిగి ఎలా రావాలని ఆయన అడిగేసరికి మాట మార్చేశాడు.

అత్తగారి గేటు ముందు ఆవిడతో పాటు మరో ముగ్గురు అవ్వలు నిలబడి ఉన్నారు. ఆ ముగ్గురూ రోజూ వసంతవనానికి వెళ్ళేవాళ్ళు. ఇవాళ్టినుంచి కొత్త వ్యాను వస్తుందని కేంద్రం వాళ్ళు చెప్పే ఉంటారు, వీళ్ళు వినే ఉంటారు. కానీ ఆరేళ్ళుగా ఎక్కుతున్న పూల బండి వచ్చి కళ్ళెదుట ఆగితే అదంతా ఎవరికి గుర్తుంటుంది? ముగ్గురిలోకీ పెద్దదైన బున్‌ర్యే అవ్వ తలుపు తనే లాగి, కిటికీ పక్కన తన సీట్లో తను కూర్చుంది. తతిమ్మా ఇద్దరూ వెనకే ఎక్కారు. సూట్‌కేసుతో నిలబడ్డ మాక్సూన్ గారిని చూసి, నువ్వూ వస్తున్నావా అని బున్‌ర్యే అవ్వ అడిగింది. వస్తున్నానంది ఆవిడ, ఓడ మీదే ధ్యాసతో.

 అల్లుడు తనతో పాటు తన స్నేహితురాళ్ళను కూడా ఓడెక్కిస్తున్నాడని మాక్సూన్ గారికి అర్థమైంది. అత్తగారిని సాగనంపడానికి వీళ్ళు రేవుదాకా వస్తున్నారని దల్సుకు అర్థమైంది. అవ్వలకు అర్థమైంది డ్రైవరు మారాడని. ఈ మూడు అర్థాలూ ఒకే బండిలో ఇరుకు లేకుండా సర్దుకున్నాయి.

ఓక్హీ ఒక్కతే ముందుకు వంగి, వాళ్ళెక్కడికో కనుక్కోమని భర్త చెవిలో అంది.

"పెద్దవాళ్ళు బండెక్కి కూర్చున్నాక ఎక్కడికని అడుగుతామా? దిగమన్నట్టుంటుంది" అన్నాడు దల్సు.

మర్యాద మీద అతనికి మామూలుగా అంత పట్టింపు లేదు. అద్దంలో తలలు లెక్కపెట్టుకున్నాడు. ఏడు వచ్చాయి. దేవుడిచ్చిన మూడు తలలను నోరు జారి పోగొట్టుకోవడం దేనికని బండి ముందుకు ఉరికించాడు.

హైవే ఎక్కగానే బస్సుల లేన్‌లోకి తిప్పాడు. పక్కన ఖరీదైన కార్లన్నీ పొగలు కక్కుతూ నిలబడి ఉంటే, ఎగుమతికి పోయే పాత పసుపు వ్యాను వాటిని ఒరుసుకుంటున్నట్టు దూసుకుపోయింది. దల్సుకు ఒళ్ళు తేలిపోయింది. వెనక అవ్వలు ఉడకబెట్టిన గుడ్లు ఒలిచి పంచారు. తర్వాత బున్‌ర్యే అవ్వ, పొద్దుటి వ్యాయామం వేళయింది, ఇంకా మొదలుపెట్టరేమని గదమాయించింది. బండిలోని కుర్రదాన్ని కేంద్రం వాళ్ళ కొత్త ఉద్యోగి అనుకుందో ఏమో, దల్సు కూతురు సోలాను లేచి చెయ్యించమంది. పదిహేనేళ్ళ సోలా సీటు బెల్టు విప్పకుండానే వెనక్కి తిరిగి చప్పట్లు మొదలుపెట్టింది. నలుగురు అవ్వలూ తలమీద చప్పట్లు, భుజాల మీద చప్పట్లు, మధ్యలో పాత పాటలు. ఆ ఊపుకి వ్యాను కూడా కొంచెం ఊగింది. ఆగిపోయిన కార్లలోని జనం అద్దాలు దింపి చూశారు. అవ్వలు వాళ్ళకు చేతులూపారు.

దారిలో ఆగినచోట దల్సు అక్రోటు పప్పు బిళ్ళలు ఒక్క పొట్లం కొని ఏడుగురికీ పంచాడు. కొత్త డ్రైవరుకు చెయ్యి బిగువని బున్‌ర్యే అవ్వ పక్కావిడతో అంది. ఆ మాట అతని చెవిని పడలేదు గానీ, వాళ్ళెవరూ ఇంకా సాగనంపే మాటలేవీ మాట్లాడకపోవడం అతనికే కొంచెం వింతగా తోచింది. ఆరుకు తగ్గితే లేన్ పోతుందని గుర్తొచ్చి ఆ తోచడం మానేశాడు.

ఈలోగా డేజియాన్‌లో జరిగింది తర్వాత తెలిసింది. కొత్త వ్యాను గేటుకొచ్చేసరికి అక్కడ పిట్ట లేదు. కేంద్రం నడిపే ఆవిడ అవ్వల ఇళ్ళకు ఫోన్లు చేసింది. మా అమ్మ మీ బండే ఎక్కిందని వాళ్ళు, మా బండి ఖాళీగా నిలబడి ఉందని ఈవిడ. అవ్వలు ముగ్గురూ ఛార్జింగు మిగులుతుందని ఫోన్లు ఆపి సంచుల్లో పెట్టారు. సరిగ్గా అప్పుడే హైవే మీది కారువాడెవడో వ్యాను మీది నంబరు చూసి కేంద్రానికి ఫోను చేశాడు: మీ అవ్వలు సియోల్ వైపు భలే హుషారుగా పోతున్నారు, మా అమ్మను కూడా మీ దగ్గర చేర్చాలంటే ఏం చెయ్యాలి అని. ఆవిడ ఆయనకు ఏమీ జవాబు చెప్పకుండా పోలీసులకు చెప్పింది.

వెనక పోలీసు బండి ఎర్రదీపం వెలిగేసరికి దల్సు ధీమాగా బండి పక్కకు తీసి ఆపాడు. తల బయటపెట్టి, అడక్కముందే, ఏడుగురం ఉన్నామని చెప్పాడు.

"ఉన్నారు లెండి, అందులో ముగ్గురు తప్పిపోయారు" అన్నాడు పోలీసు.

 పోలీసు తలుపు తీసి, అవ్వలను ఎక్కడికి వెళ్తున్నారని అడిగాడు. కేంద్రానికి అంది బున్‌ర్యే అవ్వ. ఓడకి అంది మాక్సూన్ గారు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత అందరూ కలిసి దల్సు మొహం చూశారు. నేను సాగనంపడానికి వస్తున్నారనుకున్నానని అతను గొణిగాడు గానీ, అది అతనికే నమ్మబుద్ధి కాలేదు. ఓక్హీ కళ్ళు మూసుకుంది.

కేంద్రం బండి వచ్చి తీసుకెళ్తుంది, అందాకా ఇక్కడే ఉండాలన్నాడు పోలీసు. ఖాళీగా వచ్చే బండికి బస్సుల లేన్ లేదు, కార్ల బారులో పాకి అది చేరేసరికి ఓడ వెళ్ళిపోతుంది. డబ్బు తిరిగి రాదు. డబ్బు సంగతి అలా ఉంచి, అత్తగారి డెబ్భయ్యో పుట్టినరోజు హైవే పక్కన మట్టిలో గడుస్తుంది, ఆ కథ ఆవిడ నూరేళ్ళూ చెబుతుంది. దల్సుకు నిజంగా ఏడుపొచ్చింది.

"ఇవాళ కేంద్రంలో ఏముంది?" అని అడిగింది బున్‌ర్యే అవ్వ.

కాగితాలతో కొంగలు చెయ్యడమని పక్కావిడ గుర్తుచేసింది.

"ఆరేళ్ళనుంచీ కొంగలే చేస్తున్నాను. ఓడ ఎలా ఉంటుందో ఒక్కసారీ చూడలేదు. నేను దిగను" అని బున్‌ర్యే అవ్వ సీటు బెల్టు మళ్ళీ బిగించుకుంది.

ఇంట్లోవాళ్ళు ఒప్పుకోవాలి కదా అని పోలీసు ఆవిడ పెద్దకొడుక్కి ఫోను కలిపి అందరికీ వినపడేలా పెట్టాడు. ఆయన డేజియాన్‌లో పేరున్న పళ్ళ డాక్టరు. మా అమ్మను ఎత్తుకుపోయిన ఆ దొంగవెధవ ఎవడని మొదలుపెట్టాడు. దల్సు సీట్లోకి కుంగిపోతూ ఉంటే వెనకనుంచి మాక్సూన్ గారి చెయ్యి వచ్చి ఫోను లాక్కుంది.

"ఎవరయ్యా దొంగ? మా అల్లుడు. నా డెబ్భయ్యో ఏడని నన్ను ఓడెక్కిస్తున్నాడు. మీ అమ్మ పాపం ఒక్కతే ఉంటుందని ఆవిణ్ణీ రమ్మన్నాడు. నీకు అరవై నిండుతున్నాయి, మీ అమ్మనెప్పుడైనా చెరువులో పడవైనా ఎక్కించావా?"

 పళ్ళ డాక్టరు గొంతు మళ్ళీ వచ్చేటప్పటికి సగానికి దిగింది. గదులు ఖాళీ ఉన్నాయేమో కనుక్కోమన్నాడు, తన తల్లికి తనే కడతానన్నాడు. కిటికీ ఉన్న గది కావాలన్నాడు. ఒక్క క్షణం ఆగి, కిటికీ కాదు, వసారా ఉన్నది అన్నాడు. ఈ మాట రెండో అవ్వ కూతురికి చేరింది. డాక్టరు గారమ్మ వసారాలో కూర్చుని సముద్రం చూస్తుంటే మా అమ్మ కొంగలు చెయ్యాలా అని ఆవిడ ఏడుస్తూ డబ్బు పంపింది. మూడో అవ్వ కోడలు అందరికన్నా పెద్ద గది అడిగింది. కోడలు కదా, ఊళ్ళో మాటపడకూడదు. మందుల డబ్బాలూ గుర్తింపు కార్డులూ అవ్వల సంచుల్లోనే ఉన్నాయి. కేంద్రం ఆవిడ కూడా, వాళ్ళను ఎవరూ ఎత్తుకుపోలేదు, విహారానికి వెళ్ళారని పోలీసులకు మాట మార్చి చెప్పింది. పోలీసు దల్సుకు వంగి నమస్కారం చేసి, తన తల్లికి ఫోను చేసి చాలా రోజులైందంటూ దారి వదిలాడు.

ఓడ అందింది. వ్యాను అందజేసి, ఆఖరి నిమిషంలో రొప్పుతూ మెట్లెక్కాడు దల్సు. తాము తీసుకున్న గదికి కిటికీయే లేదు. మాక్సూన్ గారు అందులోకి ఒకసారి తొంగిచూసి, సూట్‌కేసు లాక్కుంటూ పై అంతస్తులో స్నేహితురాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది. ఈ విహారమంతా ఎవరి అల్లుడి ఏర్పాటో అప్పటికే అక్కడి అన్ని బల్లల దగ్గరా చెప్పేసింది.

చీకటి పడుతుండగా ఆవిడే అల్లుణ్ణి పైకి పిలిపించింది. రేవు దీపాలు వెనక్కి పోతున్నాయి. ఆవిడ రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకుంది.

"అల్లుడూ, పదహారేళ్ళు నిన్ను పిసినారి అన్నాను. అనకూడని మాట అన్నాను."

 దల్సు ఇన్నాళ్ళూ ఎదురుచూసిన మాట అదే. కళ్ళు తుడుచుకోవడానికి జేబు రుమాలు వెతుక్కుంటుంటే అత్తగారు తృప్తిగా చెప్పుకుపోయింది: గదులకైతే వాళ్ళ పిల్లలు ఇచ్చారు గానీ ప్రయాణాల సంగతంతా మా అల్లుడిదేనని అందరికీ మాటిచ్చేసిందట. బుసాన్‌లో దిగగానే పాటల పెట్టె ఉన్న పెద్ద బస్సు వస్తుంది, దారిలో పచ్చి చేపల విందు ఉంటుంది అని కూడా చెప్పిందట. పళ్ళ డాక్టరు దంపతులు బుసాన్ వచ్చి అందులోనే కలుస్తారట. వచ్చే వసంతంలో వసంతవనం ముసలివాళ్ళనందరినీ ఇలాగే తీసుకెళ్తాడని బున్‌ర్యే అవ్వ ఊరంతటికీ ఫోన్లో చెబుతోందట.

 దల్సు ఫోను తీసి, తగ్గింపుతో కొన్న నాలుగు రైలు టికెట్లూ రద్దుచేసి, బుసాన్‌లో బస్సులు అద్దెకిచ్చేవాళ్ళ నంబరు వెతకడం మొదలుపెట్టాడు. పిసినారి అన్న పేరు పదహారేళ్ళుగా తనకెంత ఆదా చేసిపెట్టిందో అతనికి అప్పుడే తెలిసింది.