నోట్లో నాలుగు స్క్రూలు

ఆ రోజు మేస్త్రి చేయవలసిన పని ఒక్కటే. పదకొండు గంటలకు కోర్టులో నిలబడి ఒక్క ముక్క చెప్పాలి. ఆ ఒక్క ముక్కనే భార్య పొద్దున ఆరింటి నుంచి ఆయన చేత వల్లె వేయిస్తోంది.

"ఏదీ, ఇంకోసారి చెప్పండి."

"ఈ బాకీకి కాలదోషం పట్టిందండీ. క్షమించాలి."

"ఆ క్షమించాలి వద్దని ఎన్నిసార్లు చెప్పాలండీ?"

"నేనేం చెయ్యనే? దానంతటదే వచ్చేస్తోంది."

పాపం, ఆయన తప్పు కాదు. కుట్టుమిషన్లు బాగుచేసే ఆ మనిషి బాగైన ప్రతి మిషనుకూ 'గ్యారంటీ ఆరు నెలలు' అని రాసి సంతకం చేసిన చీటీ ఒకటి కడతాడు. ఏడాది తరవాత తెచ్చినా పైసా తీసుకోకుండా బాగుచేసి పంపుతాడు. అదేమిటని భార్య అడిగితే "మిషనుకు కేలెండరు చూడటం వచ్చా ఏమిటి?" అంటాడు. జన్మలో ఎవరితోనూ గడువు దాటిందనని మనిషి ఇవాళ ఏకంగా జడ్జిగారితో అనాలి.

బాకీ సంగతీ చెప్పాలి. మిషన్లు తెచ్చి ఇవ్వడానికి మేస్త్రి అప్పు మీద ఒక వ్యాను కొన్నాడు. ఏడాది పాటు కిస్తీలు సక్రమంగానే కట్టాడు. అంతలో భార్యకు జబ్బు చేసి మూడు నెలలు ఆసుపత్రిలో ఉంది. కిస్తీలు ఆగిపోయాయి. కంపెనీవాళ్ళు వ్యాను పట్టుకుపోయి అయినకాడికి అమ్మేసి, ఇంకా బోలెడు బాకీ ఉందన్నారు. ఆ తరవాత దావా వేశారుగానీ, చివరి కిస్తీకీ దావాకీ మధ్య మూడేళ్ళ రెండు నెలలు గడిచాయి. చట్టం ఇచ్చిన గడువు మూడేళ్ళే. గెలిస్తే ఇల్లూ కొట్టూ నిలుస్తాయి, ఓడితే పనిముట్లతో సహా జప్తు. తన జబ్బు వల్లే ఇదంతా వచ్చిందన్న బాధ భార్యకు లోపల ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఆయన ఒక్కనాడూ ఆ మాట అనలేదు. అందుకే ఇంకా గుచ్చుకునేది.

కేసు చూస్తున్న వకీలు మేస్త్రి సొంత చెల్లెలే. ముందురోజు ఫోనులో వదినకు గట్టిగా చెప్పింది. "వదినా, గడువు దాటిందని మనం అడగాలి, అడక్కపోతే కోర్టు కంట పడకపోవచ్చు. అన్నయ్యను బాకీ ఉన్నట్టు ఎక్కడా సంతకం పెట్టనివ్వకు, ఒక్క రూపాయి కట్టనివ్వకు. ముఖ్యంగా ఆ కంపెనీవాళ్ళతో మాట్లాడనివ్వకు."

ఇవాళ సరిగ్గా తొమ్మిదిన్నరకు కంపెనీ వసూళ్ళాయన గుమ్మంలో దిగాడు. బట్టతల, చెమటలు, చంకలో ఒక కుట్టుమిషను.

"మా అమ్మ మిషనే మేస్త్రిగారూ, మళ్ళీ దారం తెగిపోతోంది. సాక్ష్యం చెప్పడానికి ఇవాళ ఎలాగూ ఆఫీసు సెలవిచ్చింది. పనిలో పని అని తెచ్చేశాను."

"సాక్ష్యం ఎవరి మీదయ్యా?" అంది భార్య.

"మేస్త్రిగారి మీదేనండీ," అన్నాడాయన మర్యాదగా.

ఆమె తలుపు వేయబోయింది. అప్పటికే మేస్త్రి మిషను అందుకుని బల్ల మీద పెట్టాడు. చెడిపోయిన మిషను కనిపిస్తే ఆయనకు ఇక లోకం కనిపించదు. ఎంత పిలిచినా పలకడని తెలిసి, "నేను టాక్సీ తీసుకొస్తా. అంతవరకూ నోరు మెదిపారో, చూడండి!" అని హెచ్చరించి వీధి చివరికి పరుగెత్తింది.

టాక్సీ దొరికేసరికి అరగంట పట్టింది. తిరిగి వచ్చి చూస్తే తలుపు బార్లా తీసి ఉంది. బల్ల మీద కళ్ళజోడు, నేల మీద ఒలికిన టీ, తిరగబడిన ఒంటి చెప్పు. మనిషి లేడు.

"మీ ఆయన్ని ఆ బట్టతలాయన మోటారు సైకిలు మీద తీసుకెళ్ళాడమ్మా!" అంది ఎదురింటావిడ. "ఎక్కడికి అన్నయ్యగారూ అని అడిగితే ఉ, ఉ అన్నారు తప్ప మాట రాలేదు. నోట్లో ఏదో కుక్కినట్టున్నారు."

భార్య వెంటనే ఆడపడుచుకు ఫోను చేసి, "మీ అన్నయ్యని ఎత్తుకుపోయారు, నోట్లో ఏదో కుక్కారట!" అంది. ఆడపడుచు కోర్టు గుమాస్తాకు చెప్పేసరికి ఆ ఏదో గుడ్డలైంది. గుమాస్తా గేటు దగ్గరి పోలీసుకు చెప్పేసరికి చేతులు కట్టేయడం కూడా జరిగిపోయింది. భార్య టాక్సీ దిగేసరికి గేటు దగ్గర గుంపు, గుంపు మధ్యలో మోటారు సైకిలు. దాని వెనక సీటు మీద మిషనును చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని, ఒంటి చెప్పుతో ఆమె మొగుడు.

"ఎవరు కుక్కారు? ఏం కుక్కారు?" అని పోలీసు గద్దిస్తున్నాడు.

మేస్త్రి తొందరపడలేదు. నోట్లోంచి మిషను స్క్రూలు ఒక్కొక్కటే అరచేతిలోకి తీసి, నాలుగూ ఉన్నాయని లెక్క చూసుకుని అప్పుడు మాట్లాడాడు. "నోరు మెదపొద్దని మా ఆవిడ చెప్పిందండీ. ఆలస్యమవుతోందని ఈయన బండెక్కించుకున్నాడు. మిగతా పని ఇక్కడ వరండాలో చేసేస్తాను."

ఆమెకు తిట్టాలో కౌగిలించుకోవాలో తెలియలేదు. ఇద్దరు మనుషులు ఒకే బండి మీద వచ్చి, లోపల మాత్రం చెరో పక్కన నిలబడ్డారు.

కంపెనీ వకీలు లేచి అసలు బాంబు అప్పుడు పేల్చాడు. "గడువు దాటలేదండీ. కిందటేడు, మూడేళ్ళు నిండకముందే ఈయన రెండు వందలు కట్టారు. ఇదిగో ఖాతా. ఆ రోజు నుంచి గడువు మళ్ళీ మొదలవుతుంది."

చెల్లెలు గిరుక్కున అన్న వైపు తిరిగింది. భార్యకు అనుమానమే లేదు. కట్టే ఉంటాడు. ఇంటికొచ్చినవాణ్ణి ఉత్త చేతులతో పంపలేక, తనకు తెలియకుండా కట్టే ఉంటాడు. చిత్రంగా ఆమెకు కోపం రాలేదు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అలాంటి మనిషి కాబట్టే ఆసుపత్రిలో మూడు నెలలు తన మంచం పక్కన స్టూలు మీద నిద్రపోయాడు.

"మీరు కట్టారా?" అన్నారు జడ్జిగారు.

"లేదండీ," అన్నాడు మేస్త్రి నిజంగానే నొచ్చుకుంటూ. "కట్టవలసిందేమో."

చెల్లెలు తల పట్టుకుంది. అప్పుడు సాక్షి స్థానంలో ఉన్న వసూళ్ళాయన బట్టతల తుడుచుకుని, చిన్న గొంతుతో అన్నాడు.

"నేనే కట్టానండీ."

కంపెనీ వకీలు చేతిలో కాగితాలు జారిపోయాయి.

"గ్యారంటీ దాటినా మా అమ్మ మిషను ఊరికే బాగుచేశారండీ. మర్నాడే ఆఫీసు నన్ను వీరి దగ్గరికే పంపింది. అడగడానికి నోరు రాలేదు. ఉత్త చేతులతో తిరిగెళ్తే ఆఫీసులో తిడతారని నా జేబులోంచి వేసి వీరి పేరున రాయించాను. మంచి చేస్తున్నాననే అనుకున్నానండీ, గడువు సంగతి నాకు తెలీదు."

"ఆ మాట ఈయనకు చెప్పారా?"

"చెబితే తిరిగిచ్చేస్తారండీ!"

జడ్జిగారు కళ్ళద్దాలు తుడుచుకుని, మేస్త్రి వైపు చూశారు. "మీరు చెప్పుకునేది ఏమైనా ఉందా?"

మేస్త్రి భార్య వైపు చూశాడు. జబ్బు తరవాత ఇంకా పూర్తిగా తేరుకోని ఆ ముఖం, ఆ పెదవులు ఆ ఒక్క ముక్కనే చప్పుడు లేకుండా అంటున్నాయి. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఈ బాకీకి కాలదోషం పట్టిందండీ."

క్షమించాలి అనలేదు. ఎవరో కట్టిన డబ్బుతో ఈయన గడువు పెరగదని చెప్పి జడ్జిగారు దావా కొట్టేశారు. వరండాలోకి వచ్చాక భార్య ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"ఆ వ్యాను పోతే పోయిందే," అన్నాడాయన మెల్లగా. "నువ్వు ఇంటికొచ్చావు. అప్పుడే నా లెక్క సరిపోయింది."

ఇన్నేళ్ళకు ఆమె లోపలి ముల్లు ఊడివచ్చింది. బయటికి మాత్రం, "ముందు ఆ రెండో చెప్పు సంగతి చూడండి," అంది.

మేస్త్రి బెంచీ మీద కూర్చుని నాలుగో స్క్రూ బిగించి మిషను వసూళ్ళాయనకు అప్పగించాడు. దానితోపాటు రెండు వందలు ఆయన చేతిలో పెట్టాడు. "నీ జేబులోది నాకెందుకయ్యా? తీసుకో."

వసూళ్ళాయన కళ్ళు చెమ్మగిల్లాయి. ఏం చెప్పాలో తోచక, చేతికి పట్టిన అలవాటున సంచీలోంచి కంపెనీ రసీదు పుస్తకం తీశాడు. 'బాకీ కింద రెండు వందలు ముట్టినవి' అని గబగబా నింపి ముందుకు జరిపాడు.

"ఇక్కడో సంతకం పెట్టండి మేస్త్రిగారూ."

మేస్త్రి కూడా అలవాటున పెన్ను అందుకుని వంగాడు.

ఆ పెన్ను ఇప్పుడు భార్య బీరువాలో, తాళం వేసిన అరలో ఉంది.